రంగుల గల్లికి పెండ్లిచూపులు

6 జూన్ 1982

అయినా నేనేమన్న అడిగిన్నా? గల్లి సంఘం మీటింగుకు పోలే, అంతే నా తప్పు. కడుపుల జర మంటగ ఉంటే ఇంట్ల పండుకున్న. రానోన్ని పట్టుకొని ప్రెసిడెంటును చేసుడు యే ఊరి రివాజో నాకైతే తెల్వది. పొద్దుగాల్నే సారంగపాణి వచ్చి, రాయమల్లన్నా, నిన్ను ఏకగ్రీవంగ ఎన్నుకున్నం, ఒక్కలు గూడ అడ్డం చెప్పలే అన్నడు. అడ్డం చెప్పేటోడు మంచంల ఉంటే ఇంకెవలు చెప్తరు?

పూలమ్మ కడుపుబ్బ నవ్వింది. ఇంట్ల పిల్లి గూడ నీ మాట ఇనది, గల్లి ఇంటదా అన్నది. పెండ్లాం గదా, ఉన్నదే అన్నది. పిల్లి సంగతి నిజమే.

సారంగపాణి సెక్రెటరీ. జంపఖానాలు నేస్తడు, పేపరు సదువుతడు, ఇంగ్లీషు గూడ కూడబలుక్కుంటడు. నేను సైకిళ్లు కిరాయికిచ్చుకునేటోన్ని. ములుగు దిక్కు ఊర్ల నాలుగో తరగతి దాక సదివిన. అందుల రెండేండ్లు పంతులు ఇంటి బర్లను కాసుడే. ఈ డైరీ టైర్ల ఏజెంటు ఊకెనే ఇచ్చిండు. జనవరి సంది ఖాళీగ పడున్నది. ప్రెసిడెంటు అయినంక ఏదన్న రాయాలె గదా.

మార్కెట్ ఎనుక నలభై రెండు ఇండ్లు మాయి. నూలుకు అద్దిన రంగు నీళ్లు మోరిలకు ఇడుస్తరు. ఒకనాడు ఎర్రగ పారుతది, ఒకనాడు నీలంగ. రంగుల గల్లి అని పేరు అట్ల వచ్చింది. ఇప్పుడు పారుతలేదు, నిండి నిలవడ్డది. ముప్పై మగ్గాలల్ల పదకొండు నడుస్తున్నయి, తక్కినయి బట్టలు ఆరేసుకునేటందుకు అక్కరకొస్తున్నయి. నేసే మొగోళ్లు సగం మంది పవర్‌లూముల పనికి భివండి పోయిండ్లు. నల్లా ఒక్కటే, అది గూడ పొద్దుగాల రెండు గంటలు. మొన్నటి ఎండల్ల కామెర్లయ్యి ఆరుగురు పడ్డరు.

ఇది సాలదన్నట్టు లక్ష్మీనారాయణ సేటు కోర్టుల కేసేసి నోటీసు పంపిండు. జాగ మా తాతది, ఖాళీ చెయ్యుండ్రి, మిర్చి గోదాము కట్టుకుంట అని. వాళ్ల తాత మా పెద్దోళ్లను ఉండుండ్రి అన్నది నిజమే. నోటి మాట. ఆ నోరు పోయి నలభై ఏండ్లాయె.

సారంగపాణి చెప్పేదేందంటే, సర్కారు బస్తీల లిస్టు ఒకటి రాస్తాంది. మన గల్లి పేరు అందుల ఎక్కిందా, సిమెంటు మోరి, నాలుగు నల్లాలు, ఇంటింటికి పట్టా. అప్పుడు సేటు గాదు, సేటు తాత లేచొచ్చినా మనల్ని కదిలియ్యలేడు. ఎక్కలేదా, దసరా కాంగనే ఖాళీ చేయిచ్చేటందుకు కోర్టు అమీను వస్తడు. అంతే సంగతి. నలభై రెండు ఇండ్లు ఒక్క కాయితం మీద కూసున్నయి.

9 జూన్

బస్తీల ఆఫీసుకు పోయినం. దాని అసలు పేరు బోర్డు మీద మూడు వరుసలున్నది, నేను సదివేలోపట లంచ్ టైం అయ్యింది. క్లర్కు మంచోడే. అర్జీ తీసుకున్నడు. నెలాఖరుకు సర్వే సారు వచ్చి సూస్తడు, అర్హత ఉంటే రాస్తడు అన్నడు. అర్హత అంటే ఎట్లుండాలె సారూ అని అడగబోయిన. సారంగపాణి మోచేత్తోటి పొడిచిండు. సెక్రెటరీకి తెలుసు గావచ్చు అని ఊకున్న. బయటికొచ్చినంక అడిగితే, నీకు తెలుసనుకున్ననే అన్నా అన్నడు.

12 జూన్

నా దుకాణం ముంగటనే మీటింగు. ఈసారి పోయిన, పోకుంటే ఇంకేం చేస్తరో అని.

సర్వే సారుకు గల్లిని ఎట్ల సూపియ్యాలె అన్నది ముచ్చట. ఒకలు బ్యాండు పెడుదాం అన్నరు. ఒకలు మంత్రికి చెప్పిద్దాం అన్నరు. మంత్రి ఎవలకు తెలుసురా అంటే అందరు చెప్పులు సూసుకున్నరు. అప్పుడు నేనన్న, ఇది పెండ్లిచూపుల లెక్కనే, గల్లి పెండ్లిపిల్ల, సారు పిల్లగాని తండ్రి. పిల్లకు మెల్లకన్నుంటే కిటికీ కాడ కూసుండవెడ్తమా? అందరు నవ్విండ్లు. నవ్వి అదే ఖాయం చేసిండ్లు. నాతోటి వచ్చిన చిక్కే ఇది. నవ్వులాటకు అన్న మాటను ఎవలు నవ్వులాటగ తీసుకోరు.

మొగిలవ్వ ఒక్కతే నవ్వలే. గల్లి చివర, మోరి మలుపు కాడ ఆమె ఇల్లు. డెబ్బై ఏండ్లుంటయి. మార్కెట్ల బస్తాల కింద రాలిన గింజలు ఊడ్సుకొచ్చి, చెరిగి, అమ్ముకొని బతుకుతది. ఆమె అన్నది, పిల్ల నచ్చితే తీస్కపోతరు, గల్లిని యేడికి తీస్కపోతడురా కొడుకా ఆ సారు?

దానికి గూడ నవ్వినం.

18 జూన్

మూడు రోజులు మోరి తీసినం. ఎవలం ఇడువలే. నేసేటోళ్లు, హమాలీలు, కట్టెల అడితోళ్లు, ఆఖరికి నా దుకాణంల సైకిలు కిరాయికి తీస్కపోను వచ్చినోడు గూడ గంటసేపు పార పట్టిండు. వానికి కిరాయి మాఫ్ చేసిన.

ఏమేం ఎల్లినయి మోరిలకెళ్లి. ఒక మగ్గం పలక. చెప్పులు పందొమ్మిది, జోడు ఒక్కటి గూడ కలువలే. మా గల్లి కోడలు చిలుకమ్మ, ఆమె అత్త పోయిన సాలు పోగొట్టుకున్న ఇత్తడి చెంబు. చిలుకమ్మ మీద దొంగతనం మోపి ఆమెను ఏడాది నుంచి సతాయిస్తాంది ఆ అత్త. చిలుకమ్మ ఆ చెంబును గల్లంత తిప్పింది. ఇంటి ముంగట నిలవడి, ఇగో అత్తా, నేను అమ్ముకున్న చెంబు, కొన్నోళ్లు మోరిల దాసిపెట్టిండ్లు, తీసుకో అన్నది. ముసలామె తలుపేసుకున్నది.

సాయంత్రం మోరి పారింది. ఎర్ర నీళ్లు సప్పుడు చేసుకుంట పోతాంటే అందరం ఒడ్డున నిలవడి సూసినం. సినిమా సూసినట్టు.

20 జూన్

నడుము లేస్తలేదు. ప్రెసిడెంటు నడుము గూడ నడుమేనా అని పూలమ్మ నూనె రాసుకుంట అడిగింది.

26 జూన్

సున్నాలు అయినయి. ఆడోళ్లే ఏసిండ్లు, కింద జాజు పట్టీ గూడ. ముగ్గులు రేపటికి. రంగులద్దుడు మూడొద్దులు బంద్ పెట్టిచ్చిన. దగ్గే ముసలోళ్లు ముగ్గురున్నరు, సోమవారం వాళ్లను గుడికాడికి తోలాలె. నల్లా కాడ బిందెల లైను కనవడొద్దు, పొద్దెక్కకముందే నింపుకోవాలె. అన్ని నేనే చెప్తాన్న. ఇన్నొద్దులు ఇంత తెలివి యేడ దాసుకున్ననో.

మొగిలవ్వ గోడలకు గూడ సున్నమేసిండ్లు. ఎనుక గోడ మట్టిది, ఆమె మొగడు తన చేతులతోటి పెట్టింది. నలభై ఏండ్లు నిలవడ్డదట. ఆమె దానిమీద చెయ్యేసి, కొత్త కోడలి లెక్కనే ఉన్నది ముండ అన్నది.

28 జూన్

సారు వచ్చిండు. శ్రీనివాస్ అని పేరు. పిల్లగాడు, నిండ ముప్పై ఉండయి. మంచోడు, చెప్పులిప్పి కూసున్నడు. మురుకులు తిన్నడు, చాయ తాగిండు. ఫారం తీసి ఒక్కొక్కటే అడిగిండు.

మోరి నిలవడ్తదా? ఛ, అద్దమే సారూ, మొకం సూసుకోవచ్చు. వాన నీళ్లు ఇండ్లల్లకు వస్తయా? ఎన్నడు రాలే సారూ. జబ్బులు? ఎవలకు తుమ్ము గూడ లేదు. నీళ్లకు తిప్పలా? ఏం తిప్పల సారూ, నల్లా మా ఇంటి ఆడబిడ్డ లెక్క, పిలువంగనే వస్తది.

అన్నింటికి నేనే జవాబు చెప్పిన. సారు పెన్ను ఆపి నా దిక్కు సూసిండు. మల్ల అడిగిండు, నిజమేనా పెద్దాయనా అని. మూడోసారి గూడ అడిగిండు. అడిగినకొద్ది నాకు ఇంకా జోరొచ్చింది. పిల్ల వంట వచ్చా అంటే, వంటేంది, కుట్టు గూడ వచ్చు అంటం గదా, గట్ల. పొయ్యేటప్పుడు, చాలా బాగుంది మీ గల్లి అన్నడు. కానీ మొకంల నవ్వు లేదు. చిలుకమ్మ అన్నది, సారుకు సిగ్గెక్కువున్నది.

సారంగపాణి నన్ను కావలిచ్చుకున్నడు. పాసైనం అన్నా అన్నడు.

3 జూలై

కాయితం రాలే.

11 జూలై

రాలే. సేటు మనుషులు వచ్చి టేపు పట్టి కొలుసుకొని పోయిండ్లు.

19 జూలై

వచ్చింది.

దుకాణం ముంగట అందరు కూడిండ్లు. సారంగపాణి ఇంగ్లీషుల సదివి, తెలుగుల చెప్పిండు. మురుగు నిలువ లేదు. ఇండ్లు సున్నాలతోటి శుభ్రంగ ఉన్నయి. జబ్బులు లేవు. నీళ్లకు ఇబ్బంది లేదు. ప్రజలు తృప్తిగ ఉన్నరు. కాబట్టి మురికివాడల లిస్టుల చేర్చేటందుకు ఈ బస్తీకి అర్హత లేదు.

మురికివాడల లిస్టు అన్న మాట అప్పుడు ఇన్నం అందరం, మొదటిసారి. అది బాగున్నోళ్లను ఏరే లిస్టు కాదు. బాగలేనోళ్లను ఏరే లిస్టు. మేము దాసిన ప్రతీది వాళ్లకు కావల్సినదే. మోరి, కామెర్లు, దగ్గే ముసలోళ్లు, బిందెల లైను, అన్ని. ఒక్కొక్కటి నా నోటితోనే లేదు లేదన్న.

ఎవలు తిట్టలే. తిడితే బాగుండు. చిలుకమ్మ ఒక్కతే, పిల్ల మరీ సక్కగున్నదని సంబంధం తప్పిపోవుడు మన గల్లిలనే సూసినం మామా అన్నది. ఆ మాటకు నేనే మొదలు నవ్విన. తర్వాత లోపటికి పోయి రెండు పంక్చర్లు ఏసిన. ఒకటి పంక్చరే కాలే ఆ ట్యూబు.

21 జూలై

శ్రీనివాస్ సారును కలిసినం. పాపం ఆయన గూడ బాధపడ్డడు. పెద్దాయనా, నేను మూడుసార్లు అడిగిన, మీరు చెప్పిందే రాసిన, నేను సూసిందే రాసిన, అబద్ధం ఎట్ల రాయాలె అన్నడు. తప్పు ఆయనది కాదు. ఇంకోసారి అర్జీ పెట్టుకోవచ్చట, ఇంకొక్కసారే. ఆగస్టు పదకొండుకు వస్తనన్నడు. ఈసారి ఉన్నది ఉన్నట్టు ఉంచుండ్రి, చేతులు జోడించి అడుగుతాన్న అన్నడు.

తొవ్వ పొడుగున అదే మాట్లాడుకున్నం. ఉన్నది ఉన్నట్టు అంటే యేది? జూన్ల ఉన్నదా, ఇప్పుడున్నదా? ఇప్పుడు మోరి పారుతాంది.

24 జూలై

మీటింగు. నేనే చెప్పిన. తీసిన మట్టి యేడికి పోలే, అడితి ఎనుకనే కుప్ప పోసున్నది. సగం మల్ల మోరిల ఏద్దాం, వారం రోజులే, సారు సూసి పోంగనే తీద్దాం. నెత్తి వంచుకొని చెప్పిన.

ఆడోళ్లు లేచిండ్లు. నెల రోజులు నడుములు ఇరగ కడిగినం, మా చేతులతోటే మల్ల పెంట పొయ్యాల్నా, మీ మొగోళ్లకు ఏమన్న ఉన్నదా అన్నది చిలుకమ్మ. సారంగపాణి లేచి, ఇల్లు పోతది వదినా అంటే, పోతే పోనీ, ఆ వాసనల ఉండుడు కంటే నయం అన్నది. ఇద్దరు మొగోళ్లు ఆమె దిక్కు, ముగ్గురు మా దిక్కు, తక్కినోళ్లు బీడీల దిక్కు.

అప్పుడు మొగిలవ్వ మాట్లాడింది. ఆమె ఎప్పుడు గట్టిగ మాట్లాడది. నేను వానకాలమంత మంచం మీద కాళ్లు ముడుచుకొని అన్నం తినేదాన్ని, నేల మీద నీళ్లుండేటియి అన్నది. ఈ యేడు కాళ్లు చాపుకొని తింటాన్న. ఇంకెన్నేండ్లు తింటనో తెల్వది. నా బువ్వల మల్ల నీళ్లు పొయ్యకుండ్రి కొడుకా.

మీటింగు అయిపోయింది. మోరిల ఎవలు ఏమెయ్యొద్దని తీర్మానం. రాసి సంతకం పెట్టిన.

10 ఆగస్టు, పగటీలి

రాస్తాన్న గని ఎవలకు చెప్పేది కాదు.

రేపు సారు వస్తడు. గల్లి తళతళ మెరుస్తాంది. సూసి పోతడు, లేదని రాస్తడు, దసరాకు అమీను వస్తడు. రాత్రి నిద్ర పట్టలే. సారంగపాణికి గూడ పట్టలేనట.

పన్నెండింటికి ఆడోళ్లు మార్కెట్ల ఉంటరు. మొగోళ్లు తిని పండుకుంటరు. ఇద్దరం కల్సి మలుపు అవుతల, మోరి కల్వర్టు కిందికి పొయ్యేకాడ, రెండు బస్తాల ఇసుక, పాత టైర్లు పదో పన్నెండో కుక్కినం. కనవడది. పెంట ఏసింది కాదు, తీర్మానం తప్పలే అన్నడు సారంగపాణి. సెక్రెటరీ అంటే గట్లుండాలె.

ఒక్కరోజు. రేపు మధ్యాహ్నం తీసేస్తం. గంట కింద సూసిన, నీళ్లు జానెడు లేచినయి. వాసన గూడ మొదలైంది. జూన్ల వాసనే. దోస్తు మొకం సూసినట్టనిపిచ్చింది, సిగ్గు లేదు నాకు.

11 ఆగస్టు

సారు రాలే. జీపు ఖరాబైందట, రేపో ఎల్లుండో వస్తడని కబురు. మబ్బు పట్టింది. తీద్దామా అన్న. రేపు వచ్చినంక మల్ల కుక్కుడెట్ల, ఎవలన్న సూస్తే అన్నడు సారంగపాణి. నేను సరే అన్న. ఇది నేను రాయాలె. సరే అన్నది నేను.

12 ఆగస్టు

వాన. సారు రాలే. మొగిలవ్వ గడప దాక వచ్చినయి నీళ్లు. మోరికి ఏమైందిరా మల్లిగా, మొన్నటి దాక బాగుండె గదా అని అడిగింది. మస్తు వాన గదవ్వా అన్న.

13 ఆగస్టు

పొద్దుగాల ఆరింటికి గోడ పడ్డది. సున్నమేసిన గోడ. మోరి పూరా మూసినం గదా, ఎన్నడు లేనన్ని నీళ్లల్ల రెండు రోజులు నానింది. పొయ్యి కాడ కూసున్నదట మొగిలవ్వ, తుంటి మీద పడ్డది. గల్లి గల్లంత ఉరికొచ్చి మట్టి తీసిండ్లు. నేను గూడ తీసిన. మట్టి చేతులతోటి మట్టి తీస్తాంటే సారంగపాణి నా దిక్కు సూసిండు. ఇద్దరం నా సైకిలు రిక్షాల ఏసుకొని దవాఖానకు తీస్కపోయినం. తొవ్వల ఆమె ఏడ్వలే. నా గింజల చాట సూడుండ్రి, తడుస్తది అన్నది.

మర్లి వచ్చి బస్తాలు తీసినం. టైర్లు గుంజంగనే బుడ బుడ మని గంటలోపట నీళ్లన్ని పోయినయి. గల్లోళ్లు అన్నరు, వాన తగ్గింది, నీళ్లు పోయినయి.

14 ఆగస్టు

శ్రీనివాస్ సారు వచ్చిండు. ఏం అడగలే. తడిసిన ఇండ్లు సూసిండు, బురద సూసిండు, పడ్డ గోడ సూసిండు. ఫారం నిండ రాసిండు. పొయ్యేటప్పుడు నా భుజం మీద చెయ్యేసి, ఈసారి నిజం సూపిచ్చిండ్లు పెద్దాయనా అన్నడు.

20 ఆగస్టు

దవాఖాన. తుంటి ఇరిగింది. మూడు నెలలు మంచమేనన్నడు డాక్టరు. మొగిలవ్వ పక్కబెడ్డోళ్లతోటి దోస్తాన చేసింది. నన్ను సూపిచ్చి, మా ప్రెసిడెంటు, సర్కారు మనిషి లెక్క, రోజు వస్తడు అని చెప్పింది. తర్వాత నెమ్మదిగ అన్నది, నలభై వానలు సూసింది ఆ గోడ, ఇంతకంటే పెద్ద వానలు సూసింది, ఇప్పుడెందుకు పడ్డదో నాకు సమజైతలేదురా.

బత్తాయిలు ఒలిసి పెట్టిన. చెప్పుదామనే పోయిన.

29 ఆగస్టు

పూలమ్మ అడిగింది, దుకాణం ఎనుక పాత టైర్ల కుప్ప ఉండె గదా, ఏమైంది అని. అమ్మిన అన్న. ఎవలకు అన్నది. మోరికి అనబోయి ఆపుకున్న. ముప్పై ఏండ్లల్ల నోటికొచ్చిన జోకు ఆపుకున్నది గదే మొదలు.

14 సెప్టెంబర్

లిస్టు ఎక్కింది. గల్లిల పటాకులు కాల్సిండ్లు. సేటు వకీలు కేసు వాపసు తీసుకున్నడట. సారంగపాణి మొగోడై ఉండి ఏడ్చిండు. నన్ను లేపి ఎత్తుకొని తిరిగిండ్లు. యాభై రెండేండ్ల మనిషిని ఎత్తుతే ఎట్లుంటది, ధోతి ఊడబోయింది. అందరు నవ్విండ్లు. నేను గూడ నవ్విన. నవ్వుడు అలవాటు.

ఇంటికొచ్చి లిస్టు సదివిన. నలభై ఒక్క ఇండ్లు. రెండుసార్లు సదివిన. నలభై ఒక్కటే.

16 సెప్టెంబర్

శ్రీనివాస్ సారును అడిగిన. సర్వే నాడు నిలవడి ఉన్న ఇండ్లకే నంబరట. పడ్డ ఇంటికి నంబరు లేదు, నంబరు లేనోళ్లకు పట్టా లేదు. మొగిలవ్వ ఇల్లున్న జాగల నల్లా పెడ్తరట, గల్లి మొత్తానికి సౌలతు. మరి ఆమె అంటే, చాలా అన్యాయమే పెద్దాయనా, రూలు నేను రాయలే గదా అన్నడు.

సారంగపాణికి చెప్పిన, నేను పోయి ఉన్న సంగతి చెప్త అని. ఆయన నా చెయ్యి పట్టుకున్నడు. అన్నా, మనమే మోరి మూసినం అని చెప్తే సర్వే అబద్ధం అంటరు, లిస్టు కొట్టేస్తరు, నలభై ఒక్క ఇండ్లు పోతయి, ఒక్క ఇంటి కోసం అన్నడు. లెక్క కరెక్టే. ఆ ఒక్క ఇల్లు మనదై ఉంటే గూడ ఇదే లెక్క చెప్తవారా తమ్మీ అన్న. నా చెయ్యి ఇడిచి మగ్గం కాడికి పోయిండు.

25 సెప్టెంబర్

మొగిలవ్వను దవాఖాన నుంచి తెచ్చినం. మా ఇంట్లనే. పూలమ్మ ముంగటి అర్ర ఖాళీ చేసింది. ఎవలు చెప్పకముందే చేసింది. ముసలామె అర్రల పండుకొని దండం పెట్టింది నాకు. పెట్టకే అవ్వా అన్న. పెట్టనియ్యిరా, కడుపుల పుట్టినోడు గూడ ఇంత చెయ్యడు అన్నది.

ఏటూరునాగారంకెళ్లి ఆమె బిడ్డ సమ్మమ్మ వచ్చింది, తీస్కపోత అన్నది. ఇల్లు లేనప్పుడు ఇక్కడేమున్నది నీకు అని. మొగిలవ్వ మొకం గోడ దిక్కు తిప్పుకున్నది. నా జాగ అక్కడనే ఉన్నది గదా, మల్ల గోడ పెట్టుకుంట అన్నది. అక్కడ నల్లా పెడ్తాండ్లని ఎవలు చెప్పలే ఆమెకు. ప్రెసిడెంటు చెప్పాలె అని అందరి మాట.

30 సెప్టెంబర్

చెప్పిన. నల్లా సంగతి చెప్పిన, అంతే. సగం నిజం చెప్పుడు అబద్ధం కంటే సులువు, నాకు ఇన్నేండ్లకు తెలిసింది. మొగిలవ్వ, అందరు నీళ్లు తాగుతరు, మంచిదే అన్నది. దసరా ఎల్లంగనే బిడ్డతోటి పోత అన్నది.

బువ్వ పెడితే తినలే.

4 అక్టోబర్, పొద్దుగాల

సారు వచ్చి నా దుకాణం ముంగట కూసున్నడు. ఒక్కొక్కలు పోయి పట్టా కాయితాల మీద వేలిముద్రలు ఏస్తాండ్లు. ఆఖరుకు ప్రెసిడెంటు సంతకం. నాది పదిహేడో నంబరు. ఆ నంబరు మీద నా పేరుకు బదులు మొగిలవ్వ పేరు రాయుమంట, మేము ఇద్దరం ఆమె ఇంట్ల కిరాయికుంటం. పూలమ్మకు చెప్పలే. పోయి చెప్పినంక తెలుస్తది, అప్పుడు నన్ను ఇంట్ల పిల్లి గూడ రానియ్యది.

చెప్పేది ముందుగాల ఇక్కడ రాసుకుంట, నోటికి తిరగాలె. ఎందుకు మల్లన్నా అని అందరు అడుగుతరు. సారంగపాణి అడగడు, లిస్టు పోతదని ఆయన భయం. నవ్వులాట మాట అననే అనొద్దు, అంటే దానిమీదనే తప్పిచ్చుకొని ఎల్లిపోత.

మొగిలవ్వ అర్రలకెళ్లి పిలుస్తాంది, మల్లిగా, సారు నిన్నే అడుగుతాండు, జల్ది రారా కొడుకా అని. వస్తాన్న అవ్వా, ఒక్క మాట రాసుకొని. ఎందుకని అడుగుతే గిట్ల చెప్త. ఆ గోడ వానకు పడలే, మోరిల నేను